దేవరగట్టు దెబ్బలు, మంత్రాలయం తర్కం

విజయదశమి అర్ధరాత్రి కర్నూలు జిల్లా హొళగుంద మండలంలోని దేవరగట్టు కొండ మీద మాళమ్మకూ మల్లేశ్వరస్వామికీ కల్యాణం జరుగుతుంది. తర్వాత ఉత్సవ విగ్రహాలు కొండ దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామాలవాళ్ళు వాటి చుట్టూ కర్రలు పట్టుకుని కాపుగా నిలుస్తారు. అరికెర, సులువాయి, ఎల్లార్తి మొదలైన ఊళ్ళవాళ్ళు ఆ విగ్రహాలను తమవైపు తిప్పుకోవాలని ఎదురొస్తారు. దివిటీల వెలుగులో కర్రలు లేస్తాయి, తలలు పగులుతాయి, పగిలినచోట పసుపు అద్దుకుని మళ్ళీ గుంపులో కలుస్తారు. దీని పేరు బన్ని ఉత్సవం. పత్రికలు పెట్టిన పేరు కర్రల సమరం. అదే పశ్చిమ కర్నూలులో, తుంగభద్ర ఒడ్డున, మంత్రాలయం రాఘవేంద్రస్వామి బృందావనం దగ్గర భక్తులు తడిబట్టలతో పొర్లుదండాలు పెడుతుంటారు. శ్రావణమాసం వస్తే కౌతాళం మండలం ఉరుకుంద ఈరన్న దగ్గరికి కర్ణాటక నుంచి కూడా జనం తరలివస్తారు. వీటన్నిటినీ మూఢనమ్మకమని ఒక్క మాటతో కొట్టిపారేసే హేతువాదీ, మన సంప్రదాయమని ఒక్క మాటతో వెనకేసుకొచ్చే భక్తుడూ చేస్తున్న పొరపాటు ఒకటే. ఇద్దరూ అన్నిటినీ ఒకే గాటన కడుతున్నారు. దేవుడున్నాడా లేడా అన్న వాదం ఎన్నాళ్ళయినా సాగనివ్వండి. సమాజం ముందుగా అడగాల్సింది వేరే ఉంది: ఈ నమ్మకానికయ్యే ఖర్చు ఎవరి ఒంటిమీద పడుతోంది? ఆ మనిషికి వద్దనే వీలుందా? ఈ ప్రశ్న వేయడానికి నాస్తికుడు కానక్కర్లేదు. ఈ ప్రాంతపు చరిత్రలోనే అందుకు కావలసినంత ఆధారం ఉంది.

ముందు లెక్కల సంగతి చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని 121 కోట్లమందిలో మతం చెప్పనివాళ్ళు 28 లక్షల 67 వేలమంది, అంటే పావు శాతం కూడా లేరు. నాస్తికులమని రాయించుకున్నవాళ్ళు 33 వేల పైచిలుకు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2019-20లో సుమారు 30 వేలమంది పెద్దవాళ్ళను అడిగితే 97 శాతం దేవుణ్ణి నమ్ముతామన్నారు. 2012లో విన్-గాలప్ సర్వేలో మాత్రం మన దేశంలో 81 శాతమే తాము మతపరులమని చెప్పారు. 13 శాతం మతపరులం కామన్నారు, 3 శాతం నాస్తికులమన్నారు. ప్రశ్న మారితే జవాబు ఇంత మారిందంటే, సందేహం మనుషుల్లో ఉన్నా కాగితం మీదికి రావడం లేదన్నమాట. ఎన్యూమరేటరు ఇంటికొస్తే ఇంటిపెద్ద చెప్పిందే ఇంటిల్లిపాదికీ మతమవుతుంది. ఒకే మనిషి ఈరన్నకు ముడుపు కట్టి, ఆ సాయంత్రమే ఆదోని ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకోగలడు. ఆ రెంటి మధ్యా అతనికి వైరుధ్యమేమీ కనబడదు. నూటికి తొంభై ఏడు అన్న అంకె వెనక ఇలాంటి సర్దుబాట్లు ఎన్నో ఉంటాయి. కాబట్టి నమ్మేవాళ్ళు, నమ్మనివాళ్ళు అని జనాన్ని రెండు శిబిరాలుగా చీల్చి మాట్లాడటం వల్ల మనకు తెలిసేది తక్కువ.

మంత్రాలయం పేరు చెప్పగానే మహిమలు గుర్తొస్తాయి గాని, ఆ మఠానికి మూలం తర్కం. 1621లో పీఠాధిపతి అయి 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రతీర్థులు పూర్వాశ్రమంలో వేంకటనాథుడనే పండితుడు. జయతీర్థుల ‘న్యాయసుధ’కు ఆయన రాసిన వ్యాఖ్య ‘పరిమళ’. అందువల్లే ఆయనకు పరిమళాచార్యులన్న పేరు వచ్చింది. ఇవి భజనకీర్తనల పుస్తకాలు కావు. ఎదుటివాడి వాదాన్ని పూర్వపక్షంగా ముందు నిలబెట్టి, తర్వాత మెట్టుమెట్టుగా ఖండించే శాస్త్రగ్రంథాలు. ఆయన నిలిచిన ద్వైత సంప్రదాయంలో నేటి పాఠకుడు ప్రత్యేకంగా గమనించాల్సిన వాదం ఒకటుంది. ప్రపంచం మిథ్య అన్న అద్వైతులకు జవాబుగా వీళ్ళు ప్రత్యక్షప్రమాణాన్ని ఉపజీవ్యమన్నారు. అంటే వేదం కూడా ఆధారపడే ప్రమాణమన్నమాట. వేదాన్ని చెవితో వినాలి, మాటకు మాటకు తేడా పోల్చుకోవాలి. ఇంద్రియాలు చెప్పేదంతా అబద్ధమైతే వేదం విన్నామన్నదీ అబద్ధమే అవుతుంది. అందుకని ప్రత్యక్షం చెప్పగలిగిన విషయంలో ప్రత్యక్షానికి విరుద్ధంగా శ్రుతికి అర్థం చెప్పకూడదన్నారు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో వ్యాసతీర్థులు ‘న్యాయామృతం’లో ఈ వాదాన్ని ఎంతో పదునుపెట్టారు. వీళ్ళెవరూ దేవుణ్ణి సందేహించలేదు, వాళ్ళను హేతువాదుల జాబితాలో చేర్చడం అన్యాయం. కానీ కళ్ళెదుట కనబడేదాన్ని శాస్త్రం పేరుతో కాదనకూడదన్న సూత్రం మంత్రాలయం భక్తులకు పరాయిది కాదు, వాళ్ళ గురువుల బడిలోదే. ఇంకొంచెం వెనక్కి వెళితే, తుంగభద్ర ఎగువన విజయనగరంలో 14వ శతాబ్దంలో మాధవాచార్యులు రాసినట్టు చెప్పే ‘సర్వదర్శన సంగ్రహం’ చార్వాక దర్శనంతోనే మొదలవుతుంది. దేవుడూ పరలోకమూ లేవన్నవాళ్ళ వాదం నేడు మనకు చాలామటుకు తెలిసింది, దాన్ని ఒప్పుకోని వేదాంతి దాన్ని రాసిపెట్టడం వల్లనే.

మహిమల కథల మాటేమిటి? ఆదోనిని ఏలిన సిద్ధి మసూద్ ఖాన్ స్వామిని పరీక్షించాలని మాంసం పళ్ళెం మీద బట్ట కప్పి పంపితే, తీసిచూసేసరికి అవి పళ్ళూ పూలూ అయ్యాయనీ, ఆ తర్వాతే ఆయన ఇప్పటి మంత్రాలయమైన మంచాల గ్రామాన్ని దానమిచ్చాడనీ చెబుతారు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో మఠం మాన్యాన్ని విచారించడానికి వస్తే, బృందావనంలోంచి స్వామి ఆయనతో మాట్లాడారనీ, ఆ మాటలు పక్కనున్నవాళ్ళకు వినబడలేదనీ ఇంకో కథ. మాన్యాల విచారణ మన్రో ఉద్యోగంలో భాగమే. ఆ మాన్యాన్ని కొనసాగించడానికి ఏ అదృశ్యవాణీ అక్కర్లేదు, దస్తావేజు చాలు. అయితే ఈ కథను అబద్ధమని తీసిపారేస్తే అందులోని చరిత్ర కూడా పోతుంది. మన్రో చుట్టూ ఇలాంటి కథలు ఇంకా ఉన్నాయి. కడప జిల్లా గండిలో ఆయనకు బంగారు తోరణం కనబడిందంటారు, తిరుమలలో ఆయన పేరిట మన్రో గంగాళమే ఉంది. రైతుల మాట విన్నాడని పేరు పడ్డ దొరకు జనం తమ దేవుళ్ళ దర్శనభాగ్యం కూడా ఇచ్చేశారు. మహిమ జరిగిందో లేదో ఆ కథ తేల్చదు గాని, రాయలసీమ ఎవరిని మంచివాడనుకుందో మాత్రం స్పష్టంగా చెబుతుంది. ఇలాంటి కథను నమ్మడం వల్ల ఎవరి ఒంటికీ దెబ్బ తగలదు. కావాలంటే నమ్మండి, లేదా నవ్వుకోండి. హేతువాదులు దీని మీద గంటలకొద్దీ ఉపన్యాసమిస్తే శ్రమ దండగ.

పరీక్షకు నిలవాల్సిన మాటలు వేరే ఉన్నాయి. నిప్పుల్లో నడిస్తే కాళ్ళు కాలవు, అది దైవశక్తి అన్నది అలాంటి మాట. కర్నూలు, అనంతపురం జిల్లాల పల్లెల్లో పీర్ల పండుగకు తవ్వే అగ్నిగుండంలో హిందువులూ ముస్లిములూ కలిసి నడుస్తారు. విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళు ఏ మంత్రమూ లేకుండా, ఏ దేవుణ్ణీ తలవకుండా అందరి ఎదుటా నిప్పుల్లో నడిచి చూపించారు. బూడిద పట్టిన బొగ్గు వేడిని నెమ్మదిగా వదులుతుంది, అడుగు దాని మీద నిలిచేది క్షణంపాటే. అందుకే ఆగకుండా నడిస్తే ఎవరికైనా సాధారణంగా కాలదు, ఆగితే ఎవరికైనా కాలుతుంది. ఆ కేంద్రాన్ని 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడకు తెచ్చిన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు (1902-1975), అంతకుముందు వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు. నాస్తికత్వం వల్ల కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. ఆయన జీవితంలో మన వాదానికి అసలు ఆధారం నిప్పుల నడక కాదు, గాంధీతో స్నేహం. రామనామం వదలని గాంధీ, దేవుడే లేడనే గోరా కూర్చుని మాట్లాడుకున్నది అంటరానితనం పోవడం ఎలా అన్న పని గురించి. గోరా తన కూతురు మనోరమకు దళితుడైన అర్జునరావుతో పెళ్ళి తలపెడితే, దాన్ని తన ఆశ్రమంలో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నాడు. ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యమన్న మాట వాడటానికీ సరేనన్నాడు. ఈలోగా గాంధీ హత్య జరిగింది. పెళ్ళి 1948 మార్చిలో సేవాగ్రామ్‌లోనే జరిగింది. దేవుడి సంగతిలో ఏ మాత్రం ఏకాభిప్రాయం లేని ఇద్దరు, దెబ్బ ఎవరికి తగులుతోందన్న సంగతిలో ఒక్కటయ్యారు.

దేవుడి భయం లేకపోతే నీతి ఉండదనేవాళ్ళకు కూడా ఆ ఇల్లే జవాబు. గోరా కొడుకు లవణం, మహాకవి జాషువా కూతురైన ఆయన భార్య హేమలత, దొంగల ఊరని ముద్రపడ్డ స్టూవర్టుపురంలో ఏళ్ళ తరబడి మనుషులను మార్చే పని చేశారు. నిజామాబాద్ ప్రాంతంలో దేవుడి పేరిట వదిలేసిన ఆడవాళ్ళయిన జోగినీల పునరావాసానికి పాటుపడ్డారు. ఆ పనికి వాళ్ళను నడిపింది పరలోకపు ఆశ కాదు. అలాగని నాస్తికులందరూ ఇలాగే ఉంటారనీ, భక్తులు ఇలా ఉండరనీ ఎవరైనా అంటే అదీ అంతే తేలిక మాట.

జోగినీల మాట వచ్చింది కాబట్టి, అలాంటి ఆచారమే ఉన్న ఆదోని సంగతికి రావాలి. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలోవి. ఫ్రాన్సిస్ తయారుచేసిన 1904 నాటి బళ్ళారి జిల్లా గెజిటీరు ఇక్కడి బసివి ఆచారాన్ని వర్ణించింది. పిల్లను దేవుడికి వదిలేస్తారు, ఆమె ఎవరినీ పెళ్ళాడదు, పుట్టింట్లోనే ఉండిపోతుంది. ఆ కాలపు వర్ణనల్లో ఆలోచించదగ్గ విషయం, మగసంతానం లేని ఇంట్లో బసివికి కొడుకుతో సమానమైన హక్కులుండేవన్నది. తండ్రి ఆస్తి ఆమెది, తలకొరివి ఆమెది. అంటే దేవుడి మొక్కు వెనక వారసత్వపు చిక్కు ఒకటి కూర్చుని ఉంది. కూతురికి కూతురుగా ఆస్తి రాని సమాజం, ఆమెను దేవుడి పేరుతో కొడుకును చేసింది. అందుకు ఆమె ఒంటినే ధరగా కట్టింది. పోనుపోను ఆస్తి మాట పోయి, ఎక్కువగా దళిత కుటుంబాల పిల్లలను ఊరి పెద్దల పాలు చేయడమే మిగిలింది. ఇక్కడ నా ప్రశ్నకు జవాబు వెతుక్కోనక్కర్లేదు. ఖర్చు పడేది ఊహ తెలియని పిల్ల మీద, ఆమెకు వద్దనే వీలే లేదు. మన రాష్ట్రం 1988లో దేవదాసీ నిషేధ చట్టం తెచ్చింది. కానీ అంతకన్నా లోతుగా పనిచేసే మార్పు మరొకటి, ఎన్టీ రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు నుంచి కూతురికి పిత్రార్జితంలో సమాన వాటా ఇవ్వడం. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గాని రాలేదు. ఆచారాన్ని నిషేధించడం ఒక పని, ఆ ఆచారం ఏ అవసరాన్ని పట్టుకుని బతుకుతోందో కనిపెట్టి దాన్ని వేరే దారిన తీర్చడం ఇంకో పని. మన హేతువాద ఉద్యమం మొదటిదానికి పెట్టిన గొంతు రెండోదానికి పెట్టలేదు.

దేవరగట్టు దీనంత తేలిక కాదు. అక్కడికి వచ్చేవాళ్ళు పెద్దవాళ్ళు, ఇష్టపడి వచ్చేవాళ్ళు, రోజుల తరబడి నిష్ఠతో ఉండేవాళ్ళు. మణి, మల్లాసురుడనే రాక్షసులను స్వామి చంపాడనీ, ఏడాదికోసారి మనిషి రక్తం కావాలని వాళ్ళు కోరుకున్నారనీ స్థలపురాణం. ఆ మాట ప్రకారం రక్షపడ అనేచోట ఒకాయన తన తొడ దగ్గర చిన్న గాయం చేసుకుని కాస్త రక్తం సమర్పిస్తాడు. గమనించండి, పురాణం కోరింది అంతవరకే. వందలమంది తలలు పగలాలని అందులో లేదు. మేము కొట్టుకోవడం లేదు, స్వామిని కాపాడుకుంటున్నాం, తోపులాటలో తగిలినవే ఇవన్నీ అని ఊళ్ళవాళ్ళు చెబుతారు. ఆ మాట నిజమే అనుకుందాం. అలాంటప్పుడు కర్రలకు ఇనుప రింగులెందుకు? ప్రతి దసరాకూ పోలీసులు వందల్లో దిగుతారు, కెమెరాలు, డ్రోన్లు పెడతారు, సారా, మద్యం పట్టుకుంటారు, వైద్యశిబిరం వేస్తారు. అయినా ఏటా పదుల సంఖ్యలో, కొన్నేళ్ళు వందకు పైగా గాయపడుతున్నారు. ప్రాణాలు పోయిన ఏళ్ళూ ఉన్నాయి. తానుగా వెళ్ళి దెబ్బ తిన్నవాడి సంగతి అతని ఇష్టానికి వదిలేద్దామనుకున్నా, చూడటానికి వచ్చిన కుర్రవాడి సంగతేమిటి? ఈ ఏడు నువ్వు కర్ర పట్టవా అని ఊరంతా అడుగుతుంటే ఇంట్లో కూర్చోగలిగే యువకులు ఎందరు? మంచాన పడ్డవాడి ఇంటి ఖర్చు ఎవరిది? ఇష్టమన్న మాటకు ఊళ్ళో ఉండే బరువు వేరు. రాజ్యాంగం 25వ అధికరణం మతస్వేచ్ఛ ఇస్తూనే దాన్ని ప్రజాశాంతికీ, నీతికీ, ఆరోగ్యానికీ లోబడి ఇచ్చింది.

ఇక్కడ హేతువాది లేచి, కొమ్మలు కొడుతూ కూర్చుంటే ఎలా, వేరు దేవుడి మీద నమ్మకమే కదా అంటాడు. అతని వాదంలో బలముంది. నరబలి, చేతబడి అనుమానంతో హత్య, స్వస్థత పేరుతో మందు మాన్పించడం, ఇవన్నీ కనబడని శక్తి ఉందన్న ఒకే నేల మీద మొలుస్తాయి. కానీ ఆ నేలంతా తవ్వేదాకా ఆగితే ఈ ఏడాది తల పగిలేవాడికి ఒరిగేదేమీ లేదు. పైగా అనుభవం వేరేగా చెబుతోంది. సతి, బాల్యవివాహం, అంటరానితనం మీద చట్టాలూ ఉద్యమాలూ వచ్చినప్పుడు దేశం నాస్తికం కాలేదు. రామ్మోహన్ రాయ్ దేవుణ్ణి నమ్మాడు, మన వీరేశలింగమూ నమ్మాడు. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణేలో కాల్చిచంపిన తర్వాత మహారాష్ట్ర తెచ్చిన చట్టం దేవుడి జోలికి పోలేదు, మోసం, హింసల జోలికే పోయింది. 2017లో కర్ణాటక చేసిన చట్టం ప్రదక్షిణలు, యాత్రలు, భజనలు, హరికథలు తనకు సంబంధించనివని స్పష్టంగా రాసుకుని, ఒళ్ళు హింసించే ఆచారాలను నిషేధించింది. దేవరగట్టు నుంచి కర్ణాటక సరిహద్దు ఎంతో దూరం లేదు. అలాంటి సమగ్ర చట్టం ఇటువైపు ఇప్పటికీ లేదు.

భక్తుడి అభ్యంతరం ఇంకో రకం. మీకు మా పండుగలే కనబడతాయా, మిగతా మతాలు కనబడవా అంటాడు. ఆ నిష్ఠూరం కొందరి విషయంలో న్యాయమైనదే, అలాంటి హేతువాదులు తమ పరువు తామే తీసుకున్నారు. కానీ పరీక్ష ఒకటే అయినప్పుడు ఈ అభ్యంతరం నిలవదు. పీర్ల గుండంలో కాలు కాలినా, స్వస్థత కూటమిలో ఇన్సులిన్ మాన్పించినా, దేవరగట్టులో తల పగిలినా ప్రశ్న అదే. దేశదేశాల మహిమలను సవాలు చేసిన అబ్రహం కోవూరు కేరళ క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడే.

మరి కరువు సీమలో పేదలకున్న ఒక్క ఊరటనూ లాక్కుంటారా అన్నది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. కౌతాళం, కోసిగి, పెద్దకడుబూరు మండలాల నుంచి ఏటా కుటుంబాలు మిరపకోతకూ పత్తితీతకూ గుంటూరు వైపు వలసపోతాయి. వాన పడుతుందో లేదో, ఆదోని యార్డులో పత్తికి ధర పలుకుతుందో లేదో తెలియనివాడికి ఈరన్న మీద భారం వేయడం తప్ప దిక్కేముంది? పిప్పా నోరిస్, రోనాల్డ్ ఇంగిల్‌హార్ట్ అనేక దేశాల సర్వేలను పోల్చి 2004లో రాసిన పుస్తకంలో ఇదే సంగతి తేల్చారు. బతుకు భద్రత పెరిగినచోట మతాచరణ తగ్గుతోంది, రేపటి మీద భయమున్నచోట నిలబడుతోంది. మన కలిగినవాళ్ళు ఈ సూత్రానికి లొంగరని అనిపించవచ్చు. అమెరికా వెళ్ళిన తెలుగువాళ్ళు ఊరూరా గుళ్ళు కట్టారు. కానీ హైదరాబాద్ పక్కన చిలుకూరు బాలాజీకి వీసా బాలాజీ అన్న పేరు ఎలా వచ్చిందో ఆలోచిస్తే, భద్రత లేమి డబ్బున్నవాడికీ వేరే రూపంలో ఉంటుందని తెలుస్తుంది. కాబట్టి ఆ ఊరటను లాక్కోమని ఎవరూ అనడం లేదు. నీళ్ళూ పనీ ఇచ్చి, దాని అవసరాన్ని తగ్గించండి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచెత్తినప్పుడు మఠంలోకి నీళ్ళొచ్చాయి, ఎందరో ఇళ్ళు పోగొట్టుకున్నారు. దేవుడు తన గుడినే కాపాడుకోలేదని ఒకరు వాదించవచ్చు, బృందావనం చెక్కుచెదరలేదని మరొకరు వాదించవచ్చు. ఎగువ నుంచి నీళ్ళు వదిలే ముందు ఏటి ఒడ్డు ఊళ్ళకు ఎంత ముందుగా కబురు అందాలి, ఆ ఒడ్డున ఇళ్ళు ఎంత దూరంలో ఉండాలి అన్న విషయం ఆ రెండు వాదాల్లోనూ లేదు.

1976లో రాజ్యాంగానికి 51ఏ అధికరణం చేర్చి, శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుడి కర్తవ్యమన్నారు. కర్తవ్యాన్ని పోలీసు లాఠీతో నేర్పలేమని దేవరగట్టులో ప్రతి దసరా రుజువవుతోంది. అయితే అక్కడి ఊళ్ళకు తమదైన ఒక పద్ధతి ఉంది. ఉత్సవానికి ముందు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట పెద్దలు కలిసి పాలబాస చేస్తారు. కట్టుబాటు తప్పమని, ఒక్కమాట మీద ఉంటామని పాలు ముట్టుకుని ప్రమాణం చేస్తారు. ఒకప్పుడు ఈటెలు, గొడ్డళ్ళు కూడా తిరిగిన ఉత్సవం కర్రలకు దిగివచ్చిందంటే మార్పు ఆ ఊళ్ళకు కొత్త కాదు. ఆ పెద్దలకూ, ఎదుటి ఊళ్ళ పెద్దలకూ ఒక విన్నపం. వచ్చే పాలబాసలో ఇంకొక్క మాట చేర్చండి: కర్రకు ఇనుప రింగు తొడగమని, పద్దెనిమిదేళ్ళు నిండనివాణ్ణి గుంపులోకి రానివ్వమని.